ఒకే డాక్యుమెంట్‌లో తరగతి మొత్తం రాయడం ఎట్లా: ఉచిత గూగుల్ డాక్స్‌తో బడి పని

గూగుల్ డాక్స్‌ను చాలా బడుల్లో ప్రశ్నపత్రం టైప్ చేసి జిరాక్స్‌కు పంపడానికే వాడుతున్నారు. ఆ పని ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేసిపెడుతుంది. తరగతికి డాక్స్ వల్ల వచ్చే అసలు లాభం వేరు. ఆరు గుంపుల పిల్లలు ఒకే పేజీలో ఒకేసారి రాస్తుంటే, ఆ రాత పుడుతుండగానే టీచర్ చూడొచ్చు. నోట్‌బుక్కులు కట్టగట్టి ఇంటికి తీసుకుపోతే తప్పు కనబడేది రాత్రికి, పిల్లకు తెలిసేది మర్నాటికి. అప్పటికి తను ఏం ఆలోచించి రాసిందో తనకే గుర్తుండదు. ఇక్కడైతే వాక్యం ఇంకా పూర్తి కాకముందే పక్కన ఒక ప్రశ్న పెట్టొచ్చు. అందుకే ఈ రాతలో ఆ పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. మిగతావి అవసరమైనంత వరకే.

ముందు ఏమేం ఉండాలి

బడి పనికి విడిగా ఒక జీమెయిల్ ఖాతా తెరవండి. ఉచిత ఖాతాకు 15 జీబీ చోటు ఉంటుంది కానీ అది మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నింటికీ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే పడుతుంది. సొంత ఖాతానే వాడితే ఒకరోజు పెళ్లి వీడియోలతో చోటు నిండిపోయి, తరగతిలో కొత్త డాక్యుమెంట్ తెరుచుకోదు.

పిల్లల ఖాతాల సంగతి: మన దేశంలో సొంతంగా గూగుల్ ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. కాబట్టి ఆరు, ఏడు తరగతుల పిల్లలతో తప్పుడు పుట్టినతేదీ పెట్టించి ఖాతాలు తెరిపించొద్దు. వాళ్లకు ల్యాబ్ కంప్యూటర్ గానీ, అమ్మానాన్నల ఫోన్ గానీ సరిపోతుంది.

నలభై మందికి నలభై పరికరాలు అక్కర్లేదు, ఆరు చాలు. ఒక డాక్యుమెంట్‌లో వంద మంది దాకా ఒకేసారి రాయొచ్చని గూగుల్ లెక్క. కానీ ఎనిమిది కర్సర్లు దాటితే మన కన్ను వెంబడించలేదు. ఆరేడుగురికి ఒక గుంపు కట్టి, గుంపుకు ఒక కంప్యూటరో ఫోనో ఇవ్వండి. గుంపులో ఒకరు టైప్ చేస్తారు, ఒకరు నోట్సు చూసి చెప్తారు, ఒకరు తప్పులు చూస్తారు, మిగతావాళ్లు చర్చిస్తారు. పది నిమిషాలకోసారి టైప్ చేసేవాళ్లను మార్చండి. మార్చకపోతే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఒక్కరే పిరియడ్ అంతా టైప్ చేస్తారు, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తూ కూచుంటారు.

ల్యాబ్‌లో నెట్ లేకపోతే మీ ఫోన్ హాట్‌స్పాట్ పనికొస్తుంది. అక్షరాలకు డేటా పెద్దగా ఖర్చు కాదు, ఫొటోలు పెడితేనే అవుతుంది. గదిలో సిగ్నల్ ఎక్కడ బాగుందో ముందు రోజే చూసుకుని ఫోన్‌ను అక్కడ పెట్టండి. చాలా బడుల్లో అది కిటికీ గూడే.

ముందు రోజు ఇంటి పని

ఉదాహరణకు ఎనిమిదో తరగతికి "మా ఊరి నీళ్లు" అనే పని తీసుకుందాం. నల్లగొండలో గానీ, పాలమూరులో (మహబూబ్‌నగర్) గానీ నీళ్ల ముచ్చట లేని ఇల్లు ఉండదు. బోరు ఎన్ని ఫీట్లు వేశారు, ఎప్పుడు ఎండింది, మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీటి పథకం) నల్లా రాకముందు ఎక్కడి నుంచి మోసేవాళ్లు, ఇవన్నీ నాయనమ్మను అడిగితే తెలుస్తాయి. ఒకే హైస్కూలుకు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచి, తండాల నుంచి పిల్లలు వస్తారు కాబట్టి ఒక్కో గుంపు దగ్గర ఒక్కో సమాచారం ఉంటుంది. అందరి దగ్గరా ఒకే సమాధానం ఉండే పనికి ఉమ్మడి డాక్యుమెంట్ దండగ. ఒకరు రాస్తే మిగతా ఐదు గుంపులు దాన్నే ఎక్కించుకుంటాయి.

ముందు రోజు మూడు ప్రశ్నలు బోర్డు మీద రాసి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నోట్సులో రాసుకుని రమ్మనండి. ఒకటి, ఇప్పుడు తాగే నీళ్లు ఎక్కడివి? రెండు, ఇరవై ఏళ్ల కింద ఎక్కడివి? మూడు, ఈ సంగతి ఎవరు చెప్పారు? ఈ మెట్టు వదిలేస్తే పిరియడ్ మొత్తం ఖాళీ గడి ముందు కూచోవడంతోనే గడిచిపోతుంది.

డాక్యుమెంట్ తయారుచేయడం

1. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, బడి ఖాతాతో లాగిన్ అయి, పైన అడ్రసు పట్టీలో "డాక్ డాట్ న్యూ" (doc.new) అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. కొత్త పేజీ తెరుచుకుంటుంది.

2. పైన ఎడమవైపు "అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్" అని ఉన్నచోట పేరు మార్చండి. తరగతి, సబ్జెక్టు, పని, నెల ఈ వరుసలో: "8బి సాంఘికం మా ఊరి నీళ్లు జూలై". ఏడాది చివర ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పని వెతుక్కునేటప్పుడు ఈ పేరే ఆదుకుంటుంది.

3. "ఫైల్" మెనూలో "పేజ్ సెటప్" తెరిచి కాగితం ఏ4 ఉందో చూడండి. కొన్ని ఖాతాల్లో మొదటి నుంచీ "లెటర్" సైజు ఉంటుంది. అట్లాగే వదిలేస్తే జిరాక్స్ సెంటర్‌లో పేజీ కింది భాగం కుదరదు.

4. పైన మూడు వరుసల్లో ఏం చేయాలో రాయండి. అంతకు మించితే పిల్లలు చదవరు.

5. "ఇన్సర్ట్"లో "టేబుల్" తీసుకుని రెండు నిలువు గడులు, ఏడు అడ్డ వరుసలు పెట్టండి. మొదటి వరుస శీర్షికలకు, మిగతా ఆరు ఆరు గుంపులకు.

రెండే నిలువు గడులు ఎందుకంటే ఫోన్ తెర వెడల్పు అంతే. ఊరు, నీటి ఆధారం, బోరు లోతు, ఎవరు చెప్పారు అని నాలుగు గడులు చేస్తే ల్యాప్‌టాప్ మీద అందంగా ఉంటుంది కానీ ఫోన్‌లో ఒక్కో గడిలో రెండేసి అక్షరాలే పట్టి మాట నిలువునా విరిగిపోతుంది. ఎడమ గడిలో గుంపు సంఖ్య, ఊరి పేరు రాయండి. కుడి గడిలో పిల్లలు పూర్తిచేయాల్సిన వాక్యాలు సగం సగం రాసిపెట్టండి:

గుంపు 3, తండా | మా తాగునీళ్లు ఇప్పుడు ......... నుంచి వస్తున్నాయి. ఇరవై ఏళ్ల కింద ......... నుంచి తెచ్చుకునేవాళ్లు. ఈ సంగతి చెప్పినవారు ......... (వరుస: నాయనమ్మ / తాత / పక్కింటి పెద్దమనిషి). మేము అడగాల్సిన ఇంకో ప్రశ్న .........

ఆ చివరి వాక్యం తీసేయొద్దు. బాగా రాయగలిగిన గుంపు తొందరగా ముగించి అల్లరి మొదలుపెట్టకుండా ఆపేది అదే.

6. అంతా అయ్యాక "ఫైల్"లో "మేక్ ఎ కాపీ" నొక్కి ఖాళీ ప్రతి ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. 8ఏ సెక్షన్‌కు, వచ్చే ఏడాదికి అదే పనికొస్తుంది.

లింక్ ఇవ్వడం

కుడివైపు పైన నీలిరంగు "షేర్" బటన్ నొక్కండి. "జనరల్ యాక్సెస్" కింద మొదట "రిస్ట్రిక్టెడ్" అని ఉంటుంది. దాన్ని "ఎనీవన్ విత్ ద లింక్"కు మార్చండి. పక్కనే మూడు రకాల అనుమతులు కనబడతాయి. "వ్యూయర్" అంటే చూడడమే, "కామెంటర్" అంటే పక్కన వ్యాఖ్య పెట్టడం, "ఎడిటర్" అంటే రాయడం. పిరియడ్ మొదలయ్యే ముందు "ఎడిటర్" పెట్టండి. గంట కొట్టగానే "వ్యూయర్"కు మార్చండి. ఇది మరువద్దు. తెరిచి వదిలిన లింక్ వాట్సాప్‌లో చేతులు మారి, రాత్రికి ఎవరో ఒకరు సెలెక్ట్ ఆల్ కొట్టి డిలీట్ చేస్తారు. చాలాసార్లు అది కావాలని చేసింది కూడా కాదు, ఇంట్లో చిన్న తమ్ముడు ఫోన్ పట్టుకుని చేసింది.

లింక్ అందించడానికి మంచి దారి క్యూఆర్ కోడ్. క్రోమ్‌లో డాక్యుమెంట్ తెరిచి ఉండగా పైన కుడిమూలనున్న మూడు చుక్కల మెనూలో "క్రియేట్ క్యూఆర్ కోడ్" దొరుకుతుంది. దాన్ని తరగతిలోని డిజిటల్ ప్యానెల్ మీద పెద్దగా చూపిస్తే ఫోన్ కెమెరా పట్టగానే తెరుచుకుంటుంది. ప్యానెల్ లేకపోతే ముందు రోజే ఒక ఏ4 మీద ప్రింట్ తీసి గోడకు అంటించండి. ల్యాబ్ కంప్యూటర్లకు మీ మెయిల్ నుంచి లింక్ పంపడం కంటే, ముందే వెళ్లి ఆరింటిలోనూ తెరిచి ఉంచడం సులువు.

ఫోన్‌లో తెరిచిన పిల్లలు మొదట అడిగేది "సార్, టైప్ అయితలేదు" అని. అనుమతి సరిగానే ఉంటుంది, వాళ్లు చూసే పద్ధతిలో ఉంటారు అంతే. కింద కుడిమూలన పెన్సిల్ గుర్తు నొక్కితే రాత మొదలవుతుంది. ఫోన్‌లో డాక్స్ యాప్ లేకపోతే ముందు అది ఎక్కించుకోవాలి. బ్రౌజర్‌లో తెరిస్తే చూడడమే కుదురుతుంది. అందుకే ఆ ఆరు ఫోన్లలో యాప్ ఉందో లేదో ముందు రోజే చూడండి.

నలభై ఐదు నిమిషాలు ఎట్లా గడపాలి

మొదటి ఐదు నిమిషాలు తెరవడానికే పోతాయి, ఆ లెక్క ముందే వేసుకోండి. తర్వాతి ఐదు నిమిషాల్లో ప్రతి గుంపు తమ గడిలో పేర్లు రాయాలి. ఖాతా లేకుండా కంప్యూటర్‌లో రాసేవాళ్లు డాక్యుమెంట్ పైన జంతువుల పేర్లతో "అనానిమస్" అని కనబడతారు. ఎవరు ఏ జంతువో తర్వాత ఎవరూ చెప్పలేరు. పేరు రాయని గుంపుకు మార్కులు లేవని ముందే చెప్పండి.

పదో నిమిషం నుంచి ముప్పయ్యో నిమిషం దాకా రాత. ఈ ఇరవై నిమిషాలు మీరు తరగతిలో తిరగొద్దు, తెర ముందు కూచోండి. తిరిగితే ఒక గుంపే కనబడుతుంది, కూచుంటే ఆరూ కనబడతాయి. ఏదైనా వాక్యం దగ్గర ఆగాలనిపిస్తే దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్, ఆల్ట్, ఎం మూడూ కలిపి నొక్కండి. పక్కన వ్యాఖ్య పెట్టె వస్తుంది. ఫోన్‌లోనైతే మాటను నొక్కిపట్టి, వచ్చిన మెనూలో "కామెంట్" ఎంచుకోవాలి.

వ్యాఖ్యలో "తప్పు" అని రాయకండి, ప్రశ్న రాయండి. ఒక గుంపు ఇట్లా రాసిందనుకోండి:

"మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటయి. అందుకే వాటిల ఫ్లోరైడ్ ఉంది."

నల్లగొండ జిల్లాలో పిల్లలు దాదాపు తప్పకుండా రాసే వాక్యం ఇది. ఫ్లోరైడ్ పేరు పుట్టినప్పటి నుంచి విన్నారు, ఉప్పదనం నాలుకకు తెలుసు, రెండూ కలిపేశారు. కానీ ఫ్లోరైడ్‌కు రుచి గానీ, రంగు గానీ ఉండదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తియ్యటి నీళ్లలోనూ ఉండొచ్చు, ఉప్పు నీళ్లలో లేకపోనూవచ్చు. "ఉప్పగా" అన్న మాట మీద మీ వ్యాఖ్య ఇట్లా ఉండొచ్చు: "ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది. ఫ్లోరైడ్ ఉందని మీకు ఎట్లా తెలిసింది? ఎవరైనా పరీక్ష చేశారా?" ఐదు నిమిషాల తర్వాత ఆ గడి ఇట్లా మారుతుంది:

"మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటయి. ఫ్లోరైడ్ ఉందో లేదో మాకు తెల్వదు. పరీక్ష చేసిన కాగితం పంచాయతీ ఆఫీసుల ఉందేమో అడగాలె."

ఈ రెండో రాత మొదటిదానికంటే ఎంతో విలువైనది. తెలిసింది ఏది, తెలియంది ఏది అని విడదీయడం వచ్చింది. ఇక్కడ "ఉంటయి", "తెల్వదు" అన్న ఇంటి మాటల మీద ఎర్ర గీత గీయకండి. ఇది సమాచారం రాసే పని. పరీక్షకు రాసే భాషలోకి మార్చే పని తెలుగు పిరియడ్‌లో ఇదే డాక్యుమెంట్‌తో విడిగా చేయొచ్చు.

ముప్పయ్యో నిమిషంలో రాత ఆపించండి. ఇప్పుడు ఒకటో గుంపు రెండోవాళ్ల గడి చదవాలి, రెండోది మూడోవాళ్లది, అట్లా చుట్టూ. ఇతరుల గడిని నేరుగా మార్చొద్దు, సూచన మాత్రమే ఇవ్వాలి. అందుకు కుడివైపు పైన పెన్సిల్ గుర్తు నొక్కి "సజెస్టింగ్" ఎంచుకోవాలి. ఫోన్‌లో మూడు చుక్కల మెనూలో "సజెస్ట్ చేంజెస్" అని ఉంటుంది. అప్పుడు కొత్త మాట రంగులో పడుతుంది, తీసేసిన మాట మీద గీత పడుతుంది, పాతది పోదు. ఒప్పుకోవాలా వద్దా అన్నది రాసిన గుంపే తేల్చాలి.

వ్యాఖ్య పక్కన టిక్కు గుర్తు ఉంటుంది. పిల్లలు వాక్యం సరిచేయకుండానే ఆ టిక్కు నొక్కేస్తారు, వ్యాఖ్య మాయమవుతుంది. టిక్కు టీచరే నొక్కాలని నియమం పెట్టండి. మాయమైన వ్యాఖ్యలు పైన ఉన్న వ్యాఖ్యల గుర్తు తెరిస్తే మళ్లీ కనబడతాయి.

చివరి ఐదు నిమిషాలు మీవి. టేబుల్ కింద "చదివి తెలుసుకున్నది" అని ఒక శీర్షిక పెట్టి, విన్నవాటికి దూరంగా, కొలిచిన సంగతులు నాలుగు వరుసల్లో మీరే టైప్ చేయండి. తాగునీటికి మన దేశ ప్రమాణాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు. తమ జిల్లా పేరు ఒక శాస్త్ర పద్ధతికి ఉందని పిల్లలు తెర మీద చూడాలి.

రాసింది పోతే

పోతుంది, అందుకు సిద్ధంగా ఉండండి. మీ కంప్యూటర్‌లో కంట్రోల్ జెడ్ కొడితే మీరు చేసిన మార్పే వెనక్కు పోతుంది, మూడో గుంపు తుడిచేసింది తిరిగి రాదు. దానికి "ఫైల్", "వెర్షన్ హిస్టరీ", "సీ వెర్షన్ హిస్టరీ" తెరవాలి. కుడివైపు సమయాల వరుస కనబడుతుంది. ఎవరు ఏం రాశారో రంగుల్లో చూపిస్తుంది. ఖాతా లేనివాళ్లందరినీ ఒకే ముద్దగా చూపిస్తుంది, అందుకే గడిలో పేర్లు రాయమన్నది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు "రిస్టోర్ దిస్ వెర్షన్" నొక్కడం. అది డాక్యుమెంట్ మొత్తాన్ని ఆ సమయానికి తీసుకుపోతుంది. మూడో గుంపు గడి తిరిగొస్తుంది గానీ, ఆ తర్వాత మిగతా ఐదు గుంపులు రాసింది తెర మీద నుంచి పోతుంది. దానికి బదులు పాత వెర్షన్‌లో ఆ గడి వరకే సెలెక్ట్ చేసి కాపీ చేసుకుని, వెనక్కు వచ్చి ఇప్పటి డాక్యుమెంట్‌లో అతికించండి. పొరపాటున రిస్టోర్ నొక్కేసినా భయం లేదు. అంతకు ముందటి వెర్షన్ కూడా అదే వరుసలో ఉంటుంది.

పిరియడ్ ముగిశాక అదే మెనూలో "నేమ్ కరెంట్ వెర్షన్" నొక్కి "మొదటి రోజు" అని పేరు పెట్టండి. రెండో రోజు రాత పక్కన పెట్టి చూపించడానికి, ఎవరు ఎంత మెరుగయ్యారో చెప్పడానికి ఇదే ఆధారం.

ఒకే గడిలో ఇద్దరు ఒకేసారి టైప్ చేస్తే అక్షరాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. గడికి ఒక కర్సరే అన్న నియమం మొదటి రోజే పెట్టండి.

తెలుగు టైపింగ్

ఫోన్‌లో జీబోర్డ్ సెట్టింగుల్లో "లాంగ్వేజెస్" తెరిచి తెలుగు చేర్చండి. రెండు రకాలు వస్తాయి, ఒకటి నేరుగా తెలుగు అక్షరాలు, ఇంకోటి ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. పెద్దవాళ్లకు రెండోది సులువు. పిల్లలకు మొదటిదే నేర్పండి. ఒత్తు ఎక్కడ పడుతుందో, దీర్ఘం ఎక్కడ వస్తుందో వేలు ఆలోచించాల్సి వస్తుంది, గుణింతం గట్టిపడుతుంది.

కంప్యూటర్‌లో "టూల్స్"లో "వాయిస్ టైపింగ్" ఉంది. మైకు బొమ్మ పైన భాష తెలుగు ఎంచుకుని మాట్లాడితే రాస్తుంది. నాయనమ్మ చెప్పిన కథలాంటిది చకచకా ఎక్కించడానికి ఇది చాలా మంచిది. కానీ తెలుగులో చుక్క, కామా పలికితే గుర్తులు పడవు, అవి చేత్తో పెట్టుకోవాలి. తరగతి గదిలో నలభై గొంతుల మధ్య ఇది పనిచేయదు, వరండాలో మూలకు పంపండి. అది రాసిన పేరాను మామూలు పేరాగా విడగొట్టి, విరామ చిహ్నాలు పెట్టమనడమే ఒక మంచి భాషా అభ్యాసం.

పాత ప్రశ్నపత్రాల ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేసినవి. వాటిని తెచ్చి డాక్స్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు పడతాయి. ఫైలు చెడిపోలేదు, అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు, అంతే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి చదివి చూడాలి.

కాగితం మీద మాత్రమే ఉన్న పాఠానికి ఇంకో దారి: మంచి వెలుతురులో నిటారుగా ఫొటో తీసి డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ విత్", "గూగుల్ డాక్స్" ఎంచుకుంటే బొమ్మ కింద అక్షరాలు టైప్ అయి వస్తాయి, తెలుగు కూడా. ఫొటో 2 ఎంబీ లోపు ఉండాలి, అడ్డం తిరిగి ఉండొద్దు. అచ్చు బాగుంటే చాలావరకు సరిగా వస్తుంది, చేతిరాతకు మాత్రం నమ్ముకోవద్దు. మ, వ దగ్గర, ప, స దగ్గర, వత్తుల దగ్గర తప్పులు చూసుకోండి.

అక్షరాల రూపం మార్చాలంటే ఫాంట్ల జాబితాలో "మోర్ ఫాంట్స్" తెరిచి లిపి దగ్గర తెలుగు ఎంచుకోండి. మామూలు రాతకు మండలి గానీ, నోటో సాన్స్ తెలుగు గానీ చదవడానికి హాయిగా ఉంటాయి. శీర్షికలకు "సురవరం" అనే ఫాంట్ ఉంది. పాలమూరు పిల్లలతో పని చేస్తున్నప్పుడు ఆ ఫాంటే పెట్టి, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఎవరో ఒక నిమిషం చెప్పండి.

ఒక్కొక్కరికి ఒక్కో ప్రతి కావాలంటే

వ్యాసం లాంటివి ఎవరిది వాళ్లే రాయాలి. లింక్ చివర "ఎడిట్" అన్న మాట, దాని తర్వాత ఏముంటే అది చెరిపేసి, ఆ స్థానంలో ఇంగ్లీషులో "కాపీ" అని రాసి పంపండి. తెరిచినవాళ్లకు "మేక్ ఎ కాపీ" బటన్ వస్తుంది, వాళ్ల డ్రైవ్‌లో సొంత ప్రతి పడుతుంది. దీనికి ఖాతా తప్పనిసరి. బడి గూగుల్ క్లాస్‌రూమ్ వాడుతుంటే అసైన్‌మెంట్‌లో "మేక్ ఎ కాపీ ఫర్ ఈచ్ స్టూడెంట్" ఎంచుకోవచ్చు. అది పని ఇచ్చే ముందే ఎంచుకోవాలి, ఇచ్చాక మార్చలేం.

ఇంటి పనికి గడువు సాయంత్రం ఆరు అని పెట్టకండి. చాలా ఇళ్లలో ఒకటే ఫోన్, అది నాయనతో పాటు పొలానికో, కైకిలికో పోతుంది. రాత్రి తొమ్మిది అంటే అందరికీ కుదురుతుంది.

స్లిప్ టెస్టుకు ఫామ్స్

"ఫామ్స్ డాట్ న్యూ" (forms.new) అని కొట్టి కొత్త గూగుల్ ఫామ్ తెరవండి. "సెట్టింగ్స్"లో "మేక్ దిస్ ఎ క్విజ్" ఆన్ చేయండి. మొదటి ప్రశ్న పేరు, రెండోది రోల్ నంబరు. రోల్ నంబరు ప్రశ్నలో మూడు చుక్కలు నొక్కి "రెస్పాన్స్ వాలిడేషన్"లో సంఖ్య మాత్రమే రాయాలని పెట్టండి. లేకపోతే ఒకరు "12" అని, ఒకరు "రోల్ నం 12" అని రాసి మార్కుల వరుస కలవదు.

ప్రశ్నలు పది మించొద్దు, ఎంచుకునే రకమే మంచిది. తెలుగులో మాట రాయించే ప్రశ్నకు ఆటోమేటిక్ మార్కులు నమ్మొద్దు. "కృష్ణానది", "కృష్ణా నది", "క్రిష్ణా నది" మూడూ దానికి మూడు వేర్వేరు సమాధానాలు. ప్రతి ప్రశ్న కింద "ఆన్సర్ కీ" నొక్కి సరైనది గుర్తించి మార్కు వేయండి.

అదే సెట్టింగ్స్‌లో మార్కులు వెంటనే చూపడం ఉంచి, "మిస్డ్ క్వశ్చన్స్", "కరెక్ట్ ఆన్సర్స్" రెండూ ఆఫ్ చేయండి. ఉంచితే మొదట ముగించిన పిల్లాడి ఫోన్‌లో జవాబులన్నీ కనబడతాయి, వెనక బెంచీకి చేరడానికి అర నిమిషం పట్టదు. "లిమిట్ టు 1 రెస్పాన్స్" ఆన్ చేయకండి. అది ఖాతా అడుగుతుంది, ఒకే ఫోన్ వాడే అక్కాచెల్లెళ్లలో ఒకరికే అవకాశం ఇస్తుంది. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న కూడా అంతే, ఖాతా అడుగుతుంది, పైగా వచ్చే ఫొటోలన్నీ మీ 15 జీబీలో పడతాయి.

పైన "పబ్లిష్" నొక్కి, సమాధానాలు పంపేవారి దగ్గర "ఎనీవన్ విత్ ద లింక్" ఉందో చూసి, లింక్ తీసుకోండి. ఫామ్ మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, యాప్ అక్కర్లేదు. అయ్యాక "రెస్పాన్సెస్"లో ప్రతి ప్రశ్నకు ఎంతమంది ఏది ఎంచుకున్నారో పట్టీలు కనబడతాయి. మార్కుల కంటే ఈ పట్టీలే ముఖ్యం. సగం మంది ఒకే తప్పు జవాబు ఎంచుకుంటే, ఆ పాఠం మళ్లీ చెప్పాల్సింది రేపే. మార్కులు షీట్‌లోకి పంపి రోల్ నంబరు వరుసలో సర్దుకోండి. రెండుసార్లు పంపినవాళ్లు పక్కపక్కనే దొరుకుతారు.

నెట్ లేనప్పుడు, ప్రింట్ కావాలన్నప్పుడు

ఫోన్‌లో డాక్యుమెంట్ పక్కన మూడు చుక్కలు నొక్కి "మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్" పెట్టుకుంటే నెట్ లేకున్నా తెరుచుకుంటుంది, రాయొచ్చు, నెట్ రాగానే పైకి చేరుతుంది. ఆరు గుంపులూ ఇట్లా ఆఫ్‌లైన్‌లో రాయడం మాత్రం వద్దు, తర్వాత అంతా ఒక్కసారి కలిసేటప్పుడు గజిబిజి అవుతుంది. అందరూ వాడే ల్యాబ్ కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేయకండి, మీ ఫైళ్లు అందులోనే ఉండిపోతాయి. పిరియడ్ అయ్యాక లాగౌట్ కావడం ఎట్లాగూ తప్పదు.

కరెంటు పోతే రాసింది పోదు. పైన "సేవ్డ్ టు డ్రైవ్" కనబడితే చేరినట్టే.

ప్రింట్‌కు "ఫైల్", "డౌన్‌లోడ్", "పీడీఎఫ్". వర్డ్ ఫైలుగా ఇస్తే జిరాక్స్ సెంటర్ పాత కంప్యూటర్‌లో తెలుగు డబ్బాలుగా మారిపోవచ్చు. పీడీఎఫ్‌లో అక్షరం చెదరదు.

ఏవి పెట్టకూడదు, ఎవరి పేరు మీద ఉంచాలి

లింక్ ఉన్న ఎవరైనా చూడగలిగే డాక్యుమెంట్‌లో ఆధార్ నంబర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, పిల్లల మార్కులు, ఆరోగ్యం సంగతులు రాయొద్దు. ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) గురించి రాసేటప్పుడు ఎవరి ఇంట్లో ఎవరికి కాళ్లు వంగాయన్నది పేరుతో రావొద్దు. "మా ఊర్లో ఒకరికి" అని రాస్తే సరిపోతుంది. మార్కుల షీట్‌ను "రిస్ట్రిక్టెడ్"లోనే ఉంచండి.

మీకు బదిలీ అయితే ఈ ఫైళ్లన్నీ మీ వెంటే వచ్చేస్తాయి, పిల్లల రాత బడిలో మిగలదు. అందుకే ఆర్డరు రాకముందే పని మొదలుపెట్టండి. "షేర్"లో మీ తర్వాత వచ్చే టీచర్ మెయిల్ చేర్చి, ఆ పేరు పక్కన మెనూలో "ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్" నొక్కండి. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే అది పూర్తవుతుంది, కాబట్టి వాళ్లు పక్కన ఉండగానే చేయించి, తరగతి పేరుతో ఉన్న డాక్యుమెంట్ వాళ్ల డ్రైవ్‌లో తెరుచుకుంటుందో లేదో అక్కడే చూడండి.